పెద్దవయసు ఆడవాళ్ల మతిమరుపు, విటమిన్ మాత్రలు: ఏది కొనాలి, ఎంత వేయాలి, ఏది మానాలి

అరవై ఐదు దాటిన ఆడవాళ్లలో మతిమరుపు మొదలైతే ఇంట్లోవాళ్లు ముందు పరిగెత్తేది మందుల షాపుకే. "మెమరీకి ఏదైనా బలం మాత్ర ఇవ్వండి" అంటే ఏదో ఒక స్ట్రిప్ చేతిలో పడుతుంది. ఒంట్లో ఏదైనా విటమిన్ తక్కువైతే అదే విటమిన్ సరైన మోతాదులో మందులా పనిచేస్తుంది. కొరత లేనివాళ్లకి అదే మాత్ర వల్ల ఒరిగేది చాలా తక్కువ. కాబట్టి ముందు ఏది తక్కువైందో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం ఎలాగన్నదే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం.

పరిశోధనలు ఎక్కడిదాకా వచ్చాయి

ఈ విషయంలో ప్రత్యేకంగా ఆడవాళ్ల మీదే పెద్ద పరిశోధనలు జరిగాయి, అన్నీ అమెరికాలోనే. 65 దాటిన ఆరువేల మందికి పైగా స్త్రీలకు రోజు విడిచి రోజు 600 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూశారు. 2006లో ఫలితం వచ్చింది: జ్ఞాపకశక్తిలో తేడా లేదు. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదం ఉన్న స్త్రీలకు రోజూ ఫోలిక్ యాసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బి6 50 మిల్లీగ్రాములు, బి12 ఒక మిల్లీగ్రాము ఇచ్చిన పరిశోధన ఫలితం 2008లో వచ్చింది. మొత్తం మీద లాభం కనపడలేదు. అయితే మొదటినుంచీ తిండిలో బి విటమిన్లు తక్కువగా తీసుకుంటున్నవాళ్లలో మాత్రం కొంత మేలు జరిగిన సూచనలు ఉన్నాయి. క్యాల్షియం వెయ్యి మిల్లీగ్రాములు, విటమిన్ డి 400 యూనిట్లు ఏళ్ల తరబడి వాడిన స్త్రీలలోనూ డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) తగ్గలేదు.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2010లో మరో కోణం చూపించారు. మతిమరుపు మొదలైన 70 దాటినవాళ్లకి బి12, ఫోలిక్ యాసిడ్, బి6 రెండేళ్లు ఇస్తే మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గింది. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్లలో అది మరీ స్పష్టంగా తగ్గింది. అది ఎక్కువగా ఉందంటే చాలాసార్లు ఒంట్లో బి12 గానీ ఫోలేట్ గానీ చాలట్లేదని అర్థం. అంటే ఇక్కడా కథ కొరత చుట్టూనే తిరిగింది.

మొదటి మెట్టు: రెండు వారాలు నోట్‌బుక్ రాయండి

డాక్టర్ దగ్గర "మర్చిపోతోందండీ" అంటే సరిపోదు. ఏం మర్చిపోయారు, ఎప్పుడు, తర్వాత గుర్తొచ్చిందా అన్నవి తేదీ వేసి రాయండి. తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోయి వెతుక్కోవడం వేరు, తాళంచెవి చేతిలో పట్టుకుని అదేమిటో తెలియకపోవడం వేరు. నలభై ఏళ్లుగా చేసే పులిహోరలో వరస తప్పడం, డబ్బుల లెక్క తేడా రావడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, గంటలో నాలుగుసార్లు అదే ప్రశ్న అడగడం లాంటివి తప్పక రాయాలి.

బి12 లోపానికి ఒంటి మీద కూడా గుర్తులుంటాయి. అడిగితే తప్ప పెద్దవాళ్లు చెప్పరు. ఇవి అడగండి:

- అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం
- కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం
- కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలడం
- నాలుక నున్నగా ఎర్రబడి కారం తగిలితే మండటం
- వేళ్ల కణుపుల మీద చర్మం కొత్తగా నల్లబడటం

రక్తం బాగానే ఉన్నా, అంటే హిమోగ్లోబిన్ తగ్గకపోయినా, బి12 లోపం నరాల్ని, మెదడుని దెబ్బతీయగలదు. "రక్తం 12 ఉంది కాబట్టి విటమిన్ లోపం లేదు" అనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

రెండో మెట్టు: మందుల సంచి బల్ల మీద బోర్లించండి

ఏ విటమిన్ కొనే ముందైనా ఇది చేయాలి. దిండు కింద, దేవుడి గూట్లో, ఫ్రిజ్ తలుపులో ఉన్న మాత్రలన్నీ ఒకచోటికి తేవాలి. మూడు గుంపులుగా వేరు చేయండి.

ఒకటి, బి12ని తగ్గించేవి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే పేగుల్లో బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలుగా పిలిచే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. తిండిలోని బి12 విడివడాలంటే ఆ ఆమ్లం కావాలి. పొద్దున్నే షుగర్ మాత్ర, దానికి ముందు గ్యాస్ మాత్ర, పైగా శాకాహారం: మన ఇళ్లలో చాలామంది అమ్మలు, అమ్మమ్మల పరిస్థితి సరిగ్గా ఇదే. మూడూ కలిసినప్పుడు లోపం ఉండే అవకాశం ఎక్కువని ముందే అనుకుని పరీక్షకి వెళ్లాలి. ఆ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు.

రెండోది, స్వయంగా మతిమరుపు తెచ్చేవి. నిద్రకి ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజిపాం. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్. మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్. నొప్పికో నిద్రకో ఇచ్చే అమిట్రిప్టిలిన్. వీటి వల్ల వచ్చిన మందకొడితనాన్ని ఏ విటమినూ పోగొట్టలేదు. డాక్టర్ మెల్లగా తగ్గించి ఆపితే అది చాలావరకు తగ్గుతుంది. బీపీకి వాడే నీటి మాత్రలు (క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్) బక్కపల్చటి ముసలావిడల్లో సోడియం పడిపోయేలా చేస్తాయి. ఉప్పు కూడా బాగా తగ్గించి తింటుంటే రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడిపోవచ్చు.

మూడోది, ఇప్పటికే వాడుతున్న "బలం మాత్రలు". ఇందులో ఒక చిక్కు ఉంది. కాళ్ల తిమ్మిర్లకి రాసే మిథైల్‌కోబాలమిన్ (ఇది బి12లో ఒక రకం) స్ట్రిప్ తిప్పి చూడండి. చాలావాటిలో బి12తో పాటు ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములో, గాబాపెంటిన్, నార్‌ట్రిప్టిలిన్‌లో ఒకటో కలిసి ఉంటుంది. అవి నరాల నొప్పి మందులు. పెద్దవయసులో మగత, తూలడం, మతిమరుపు తెస్తాయి. విటమిన్ అనుకుని వేసే మాత్రే బుర్రని మొద్దుబారుస్తుంటుంది. నొప్పి లేకుండా కేవలం బి12 లోపం కోసమే అయితే "ప్లెయిన్ మిథైల్‌కోబాలమిన్ రాయండి" అని డాక్టర్‌ని అడగండి.

మూడో మెట్టు: ఏ రక్తపరీక్షలు

పూర్తి "విటమిన్ ప్యాకేజీ" అవసరం లేదు. ఇవి చాలు: రక్తకణాల పూర్తి లెక్క, విటమిన్ బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, క్యాల్షియం, క్రియాటినిన్, షుగర్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి. బి12 అటూఇటూగా వస్తే అప్పుడు హోమోసిస్టీన్, వీలైతే మిథైల్‌మలోనిక్ యాసిడ్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే మరో పదార్థం).

ఫలితం తప్పుగా వచ్చే దారులు మూడున్నాయి.

మొదటిది, విటమిన్ వేసుకుని వెళ్లడం. సూది వేయించుకున్న వారానికో, నెలకో బి12 చూస్తే అంకె ఆకాశాన్నంటుతుంది. ఆ అంకెతో లోపం ఉందో లేదో తేల్చలేం. అందుకే రక్తం ఇచ్చాకే మాత్ర మొదలుపెట్టాలి.

రెండోది బయోటిన్. జుట్టు రాలకుండా కూతురో కోడలో తెచ్చిపెట్టే మాత్రల్లో ఇది 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో ఇది థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేసి, తక్కువగా పనిచేస్తున్న థైరాయిడ్‌ని బాగానే ఉన్నట్టు చూపించగలదు. మతిమరుపుకి నయం చేయగల కారణాల్లో థైరాయిడ్ ఒకటి, అది అక్కడే తప్పిపోతుంది. పరీక్షకి కనీసం రెండు మూడు రోజుల ముందు ఆ మాత్ర ఆపాలి.

మూడోది హోమోసిస్టీన్ నమూనా. దీన్ని పరగడుపున ఇవ్వాలి. తీసిన రక్తం వెచ్చగా అలాగే ఉండిపోతే కణాల్లోంచి హోమోసిస్టీన్ బయటికొచ్చి అంకె పెరుగుతుంది. ఇంటికొచ్చి నమూనా తీసుకుని ఊరంతా తిరిగి సాయంత్రానికి ల్యాబ్ చేరే పద్ధతి దీనికి పనికిరాదు, ల్యాబ్‌కే వెళ్లండి.

రిపోర్టు ఎలా చదవాలి

బి12 మిల్లీలీటర్‌కి 200 పీకోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉండి, పైన చెప్పిన గుర్తుల్లో ఏదైనా ఉంటే లోపం ఉన్నట్టే అనుమానించాలి. "నార్మల్ రేంజ్‌లోనే ఉంది" అని ల్యాబ్ కాగితం చెప్పినా ఊరుకోకూడదు. హోమోసిస్టీన్ లీటర్‌కి 15 మైక్రోమోల్స్ దాటితే అనుమానం బలపడుతుంది. కాకపోతే కిడ్నీ దెబ్బతిన్నా, థైరాయిడ్ మందగించినా, ఫోలేట్ తగ్గినా అది పెరుగుతుంది కాబట్టి క్రియాటినిన్, టీఎస్‌హెచ్ పక్కన పెట్టుకునే చదవాలి.

జ్ఞాపకశక్తి పరీక్ష గురించి ఒక మాట. గడియారం బొమ్మ గీయమనడం, వంద నుంచి ఏడేడు తీసేయమనడం లాంటివి బడికి వెళ్లని అమ్మమ్మలకి అన్యాయం చేస్తాయి. పెన్సిలే పట్టనివాళ్లు గడియారం గీయలేకపోతే అది జబ్బు కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ వైద్యులు అడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి పరీక్షని తెలుగువాళ్లకి తగ్గట్టు మలిచారు. తెలుగులో, చదువుకి తగ్గట్టు అడిగే పరీక్ష కావాలని న్యూరాలజిస్టుని నేరుగా అడగవచ్చు. వినికిడి తక్కువైతే పరీక్షకి ముందు దాని సంగతి చూడాలి. వినపడని మాట గుర్తుండదు.

నాలుగో మెట్టు: బి12 ఎంత, ఎలా

రోజుకి ఒంటికి కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. పావులీటరు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము, ఒక కోడిగుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. రెండుపూటలా కాఫీలో కాసిన్ని పాలు, అన్నంలోకి పల్చటి మజ్జిగ, కార్తీకమాసమంతా గుడ్డు, చేప ముట్టకపోవడం: లెక్క వేస్తే ఎక్కడ తగ్గుతుందో తెలిసిపోతుంది. చద్దన్నం, స్పిరులినా బి12 లోటు తీరుస్తాయన్న ప్రచారాన్ని నమ్ముకోవద్దు. స్పిరులినాలో ఉండేది చాలావరకు మనిషి ఒంటికి పనికిరాని నకలు.

లోపం తేలాక తిండితో పూడ్చడం కుదరదు. వయసుతో కడుపు పొర పల్చబడినవాళ్లకి పాలలోనో గుడ్డులోనో మాంసకృత్తికి అంటుకుని ఉండే బి12 విడివడదు. మాత్రలో ఉన్నది విడిగానే ఉంటుంది కాబట్టి అది ఒంటబడుతుంది. అందుకే మాంసాహారులకీ లోపం వస్తుంది, మాత్రతో సర్దుకుంటుంది.

మాత్రలో వెయ్యి మైక్రోగ్రాములు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. బి12 ఒంటబట్టడానికి కడుపులో తయారయ్యే సహాయక పదార్థం లేకపోయినా, మింగినదాంట్లో దాదాపు ఒక శాతం దానంతటదే రక్తంలోకి చేరుతుంది. వెయ్యిలో ఒక శాతం పది మైక్రోగ్రాములు, అది చాలు. మామూలు బీకాంప్లెక్స్ క్యాప్సూల్‌లో చాలావాటిలో ఉండేది 15 మైక్రోగ్రాములే. ఒంటబట్టని మనిషికి దాంట్లో ఒక శాతమంటే లెక్కలోకే రాదు. "రోజూ బీకాంప్లెక్స్ వేస్తూనే ఉన్నాం, అయినా లోపమే" అనేవాళ్ల ఇళ్లలో జరిగేది ఇదే.

నరాల గుర్తులు గానీ, స్పష్టమైన మతిమరుపు గానీ ఉంటే వైద్యులు సాధారణంగా సూదితో మొదలుపెడతారు. వెయ్యి మైక్రోగ్రాములు, మొదటి వారం రెండు వారాలు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ, తర్వాత నెలరోజులు వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఏ గుర్తులూ లేకుండా అంకె మాత్రమే తక్కువైతే రోజూ 1000 నుంచి 1500 మైక్రోగ్రాముల మాత్ర చాలు. సూదే బలం, మాత్ర దండగ అన్నది మన ఊళ్ల నమ్మకం. మోతాదు సరిగ్గా ఉంటే చాలామందిలో మాత్ర కూడా సూదిలాగే పనిచేస్తుంది. మిథైల్‌కోబాలమిన్ వెలుతురుకి పాడవుతుంది కాబట్టి కిటికీలో పెట్టొద్దు, మాత్రల్ని పారదర్శక డబ్బాలో పోయొద్దు.

చెడిపోయే చోట్లు:

- ఐదు సూదులు వేయించి ఆపేయడం. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర, శాకాహారం అలాగే ఉంటే లోపం తిరిగొస్తుంది. కారణం పోనంతకాలం మోతాదు కూడా ఆగకూడదు.
- బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టడం. రక్తం మెరుగై రిపోర్టు అందంగా కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. బి12 ముందు, లేదా రెండూ కలిపి.
- బి6 ఎక్కువైన మాత్రలు రెండు మూడు కలిపి వేయడం. రోజుకి వంద మిల్లీగ్రాములు దాటి నెలలు గడిస్తే బి6 తానే తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిర్లు తగ్గలేదని మోతాదు పెంచితే అవి ఇంకా పెరుగుతాయి.
- మోకాలి ఆపరేషన్ లాంటివాటికి వెళ్తూ లోపం సంగతి మత్తు డాక్టర్‌కి చెప్పకపోవడం. మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఒంట్లో ఉన్న కాస్త బి12ని కూడా పనికిరాకుండా చేస్తుంది.

ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది

వారంలో ఎముక మజ్జ పుంజుకుంటుంది, రెండు నెలల్లోపు రక్తం సర్దుకుంటుంది. తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు నెమ్మది. మూడు నెలలకి కొంత, ఆరు నుంచి పన్నెండు నెలలకి మిగతాది. మొదటి వారాల్లో తిమ్మిర్లు కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, దానికి భయపడి ఆపొద్దు. గుర్తులు మొదలై నెలల్లోనే వైద్యం అందినవాళ్లు బాగా కోలుకుంటారు. ఏళ్లు గడిచినవాళ్లలో కొంత మిగిలిపోతుంది. ఆరు నెలలు సరైన మోతాదు వాడినా నోట్‌బుక్‌లో రాసేవి తగ్గకపోగా పెరుగుతుంటే మతిమరుపుకి కారణం వేరే ఉంది. బి12 లోపం, అల్జీమర్స్ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు.

విటమిన్ డి: తగ్గినా ఇబ్బందే, ఎక్కువైతే మరీ

రక్తంలో మిల్లీలీటర్‌కి 20 నానోగ్రాముల లోపు ఉంటే ఎముకల కోసం, కండరాల కోసం పూడ్చాలి. జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఆశించి కాదు. మన దగ్గర మామూలుగా రాసేది 60,000 యూనిట్లు, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెలకొకటి. నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత వేస్తే బాగా ఒంటబడుతుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, చీటీలో "వారానికి" అని రాసినదాన్ని రోజూ వేసేస్తారు. లేదా ఎనిమిది వారాల కోర్సు రెండేళ్లు సాగుతుంది, పైగా ఇంకో డాక్టర్ సూది కూడా రాస్తారు. రక్తంలో క్యాల్షియం పెరిగిపోయి మలబద్ధకం, విపరీతమైన దాహం, వాంతులు, చివరికి అయోమయం వస్తాయి. మతిమరుపు ముదిరిందనుకుని తీసుకొచ్చిన మనిషిలో క్యాల్షియం పన్నెండు దాటి ఉంటే కారణం మందుల డబ్బాలోనే దొరకవచ్చు. ఏడాదికొక్కసారి పెద్ద మోతాదు వేసి వదిలేయడమూ మంచిది కాదు. ఆస్ట్రేలియాలో 70 దాటిన స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది. వారం మాత్రని క్యాలెండర్‌లో ఒకే వారానికి కట్టేయండి, "ఆదివారం మాత్ర" అని డబ్బా మీద రాయండి.

మల్టీవిటమిన్ వేయాలా

కొరత లేనివాళ్లలోనూ కాస్త ఆశ చూపించింది ఇదొక్కటే. అమెరికాలో కాస్మోస్ పేరుతో జరిగిన పరిశోధనల్లో రోజూ మామూలు మల్టీవిటమిన్ వేసుకున్న పెద్దవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొద్దిగా మెరుగ్గా చేశారు. 2022 నుంచి 2024 మధ్య వచ్చిన మూడు ఫలితాలూ అటే మొగ్గాయి. తేడా చిన్నది, వయసులో చెప్పాలంటే సుమారు రెండేళ్లంత. డిమెన్షియా రాకుండా ఆపుతుందని మాత్రం అవి చూపించలేదు. తిండి తగ్గిపోయిన, పళ్లు ఊడి మెత్తటివే తినే, అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటున్న పెద్దావిడకి ఒక మామూలు మల్టీవిటమిన్ వేయడం తప్పేమీ కాదు. నెలకి వేల రూపాయలయ్యే "బ్రెయిన్ ఫార్ములా" అక్కర్లేదు. జింకో ఆకు సారం మూడువేల మంది పెద్దవాళ్లలో డిమెన్షియాని ఆపలేదని 2008లోనే తేలింది. విటమిన్ ఇ పెద్ద మోతాదు, బీటా కెరోటిన్ మాత్రలు మతిమరుపు కోసం కొనొద్దు.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు విటమిన్ కె ఉన్న మల్టీవిటమిన్‌ని చెప్పకుండా మొదలుపెట్టినా, ఆపినా ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే అంకె) మారిపోతుంది. జింకో, విటమిన్ ఇ రక్తస్రావం పెంచగలవు.

ఏ వేళకి ఏది

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో. కాఫీ అరగంట నుంచి గంట ఆగాకే. క్యాల్షియం, ఐరన్, ఖనిజాలు కలిసిన మల్టీవిటమిన్ దానికి నాలుగు గంటలు దూరంగా ఉండాలి. పొద్దున్నే అన్నీ గుప్పెట్లో పోసి ఒక్కసారే మింగించే ఇళ్లలో థైరాయిడ్ మాత్ర కొంత వృథా అవుతుంది. బి12 ఏ వేళకైనా ఫరవాలేదు. క్యాల్షియం మధ్యాహ్న భోజనంతో, ఐరన్ రాత్రి, రెండూ ఒకేసారి కాకుండా. క్యాల్షియం కార్బనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మాత్రమే, లెక్క దాంతోనే వేయండి.

మర్చిపోయే మనిషి చేతికి స్ట్రిప్ ఇవ్వకండి. వేసుకున్నది మర్చిపోయి మళ్లీ వేసుకుంటారు. ఏడు గదుల డబ్బా ఆదివారం నింపి, మిగతా స్ట్రిప్‌లు బీరువాలో పెట్టి తాళం వేయండి.

విటమిన్ సంగతి పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ అయోమయంగా మాట్లాడుతుంటే అది విటమిన్ లోపం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, షుగర్ పడిపోవడం, పక్షవాతం, తలకి దెబ్బ: వీటిలో ఏదైనా కావచ్చు, అదే రోజు చూపించాలి. నెల కిందట బాత్రూంలో జారిపడిన సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. తలలో నెమ్మదిగా చేరే రక్తం వారాల తర్వాత బయటపడుతుంది.

వారాల తరబడి వాంతులై, తిండి లేక, ఎదురుగా ఉన్నవి రెండుగా కనిపిస్తూ, నడక తూలుతూ అయోమయంలో ఉంటే అది బి1 (థయమిన్) లోపం కావచ్చు. అప్పుడు నీరసమని దగ్గర్లో ఎక్కడో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేయనివ్వకండి. ఉన్న కాస్త బి1 కూడా గ్లూకోజ్‌ని అరిగించడానికే ఖర్చయిపోయి మెదడు ఇంకా దెబ్బతింటుంది. "ముందు థయమిన్ సూది ఇచ్చి తర్వాత సెలైన్ పెట్టండి" అని అక్కడున్న డాక్టర్‌కి గట్టిగా గుర్తుచేయండి.